తోటల రాష్ట్రంలో గోంగూర మడి

న్యూజెర్సీలో తిరిగే కార్లలో చాలా వాటికి నంబరు పలక అడుగున "గార్డెన్ స్టేట్" అని రాసి ఉంటుంది. తోటల రాష్ట్రం అన్నమాట. న్యూఆర్క్ విమానాశ్రయంలో దిగి దక్షిణంగా రోడ్డెక్కగానే ఎదురయ్యే చమురు ట్యాంకులూ, పొగగొట్టాలూ చూస్తే ఈ పేరు ఎవరో వేళాకోళానికి పెట్టారేమో అనిపిస్తుంది. ఓ గంట ఓపిక పట్టి ప్రిన్స్‌టన్ దాపులకి వస్తే ఆ అనుమానం తీరుతుంది. చెట్ల తోపులు, తోపుల మధ్య చేలు, చేల మధ్య ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ తివాసీ పరిచినట్టు పచ్చగడ్డి. మా అమ్మాయీ అల్లుడూ కాపురముండే వెస్ట్ విండ్సర్ అక్కడే.

ఆ ఊరికి ఒక వింత కీర్తి ఉంది. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం రేడియోలో నాటకం వేస్తూ అంగారక గ్రహవాసులు వచ్చి దిగారని చెప్పింది ఈ ఊళ్లోని గ్రోవర్స్ మిల్ దగ్గరే. అది నాటకమని తెలియక బెదిరినవాళ్లూ ఉన్నారు. అక్కడి పార్కులో దానికొక జ్ఞాపకచిహ్నం కూడా నిలబెట్టారు. అంగారకుల మాటెలా ఉన్నా, రాత్రివేళ చడీచప్పుడూ లేకుండా దిగి మడిలో పచ్చనిదల్లా కాజేసే జాతి ఒకటి ఆ ఊళ్లో నిజంగానే ఉంది. దాని సంగతికి వచ్చేముందు చలి సంగతి చెప్పాలి.

2020 జనవరిలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లాం. జూన్ నెలాఖరుకి తిరిగి వచ్చేద్దామని అనుకున్నాం. మార్చి వచ్చేసరికి కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి, ఇంటి తలుపులు మూసుకున్నాయి. తెనాలిలో ఒంటరిగా ఉన్న తన అక్కగారి మీద బెంగతో మా ఆవిడకి అన్నం సయించడం మానేసింది. ఏది పెట్టినా రెండు ముద్దలు తిని లేచిపోయేది. "ఇంత గోంగూర పచ్చడి ఉంటేనా!" అని ఒకనాడు అంది. మన కూరగాయలు అమ్మే దుకాణాలు ఎడిసన్‌లో ఉన్నాయిగాని, అప్పట్లో అంతదూరం వెళ్లడానికి ఎవరూ సాహసించలేదు. ఇహ ఇంట్లోనే పండించుకోవాలి.

గింజల కోసం వెదికితే అదీ కరువే. ఇళ్లలో ఉండిపోయిన దేశం దేశమంతా ఒక్కసారిగా తోటపనికి దిగినట్టుంది. విత్తనాల కంపెనీలు ఆర్డర్లు తట్టుకోలేక కొన్నాళ్లు తీసుకోవడమే మానేశాయి. చివరికి అమ్మాయి స్నేహితురాలొకామె టెక్సాస్ నుంచి కవరులో పెట్టి ముప్పై గోంగూర గింజలు, గుప్పెడు బీర, చిక్కుడు గింజలు పంపింది. ఆ ముప్పై పోతే మళ్లీ ఇంకో గింజ దొరకదు. మా ఆవిడ వాటిని లెక్కపెట్టి పసుపు డబ్బా పక్కన దాచింది, బంగారం దాచినట్టు.

మనకి "మంచు" అని ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డి మీద బిందువులు మంచే, పొలాల మీద పొగలా కమ్మేది మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. అక్కడ వీటన్నిటికీ వేరువేరు పేర్లు ఉన్నాయి. తోటవాడు వాటిల్లో భయపడేది ఒక్కదానికే: ఫ్రాస్ట్. వాన పడ్డట్టు అది పైనుంచి పడదు. మబ్బు లేని రాత్రి, గాలి స్తంభించినప్పుడు, భూమి తనలోని వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. పైన మబ్బు దుప్పటి లేదు కనక ఆ వేడి తిరిగి రాదు. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే పల్లానికి పారి అక్కడ నిలుస్తుంది. ఆకు మీద తేమ గడ్డకట్టి ఉప్పు చల్లినట్టు తెల్లబడుతుంది. ఆకు కణాల్లో నీరు గడ్డకట్టిందా, ఎండ వచ్చాక ఆకు ఉడకబెట్టినట్టు నల్లబడి వేలాడుతుంది. అన్నట్టు, వాతావరణశాఖవాళ్లు చెప్పే లెక్క మనిషి ఎత్తున ఉండే గాలిది. నేలబారు గాలి అంతకంటే చల్లగా ఉంటుంది. అంచేత ముప్పైరెండు డిగ్రీల ఫారన్‌హీటుకి నీరు గడ్డకడుతుందని బళ్లో చెప్పుకున్నా, రేడియోవాడు 36 అన్న రాత్రే అక్కడివాళ్లు దుప్పట్లు బయటికి తీస్తారు.

అసలు చిక్కు వసంతంతో ఉంది. అక్కడి వసంతం పెళ్లిచూపులకి వచ్చిన మధ్యవర్తిలాంటిది. అన్నీ తియ్యటి మాటలే. మార్చిలోనే ఒకరోజు ఉక్కపోస్తుంది. ఏప్రిల్లో చెట్లన్నీ పూస్తాయి. మే మొదటి శని ఆదివారాల్లో ఎండ ఎంత బాగా కాసిందంటే, మా అల్లుడు చేతులు మడిచి పెరట్లోకి దిగాడు. "మామయ్యగారూ, ఇంకా ఎన్నాళ్లండీ ఆ నారు కిటికీలో? పాతేద్దాం" అన్నాడు.

నారు అంటే ఏప్రిల్ మధ్యలో పెరుగు డబ్బాల్లో మట్టి నింపి, దక్షిణం కిటికీ దగ్గర పెట్టి మొలిపించినది. ముప్పై గింజల్లో ఇరవైఆరు మొలిచాయి. వాటిని పగలు ఓ గంట, మర్నాడు రెండు గంటలు, ఇలా ఓ పదిరోజులపాటు బయటి ఎండకీ గాలికీ అలవాటు చెయ్యాలి. ఏకంగా బయట పెడితే ఇంట్లో పెరిగిన పసివాణ్ణి సంతలో వదిలినట్టే.

పక్కింటాయన ఇటలీ సంతతివాడు, ఎనభై దాటినవాడు. నేను హెడ్మాస్టరుగా రిటైరయ్యానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను "ప్రొఫెసర్" అని పిలిచేవాడు. మూతికి గుడ్డ కట్టుకుని, పదడుగుల దూరంలో నిలబడి, కంచెకి అటునుంచి మా అల్లుణ్ణి చూసి చెయ్యి ఊపాడు. "మదర్స్ డే దాటనివ్వండి" అన్నాడు. మే నెల రెండో ఆదివారం అక్కడ తల్లుల పండగ. టొమాటో పాతడానికి అది వాళ్ల ముహూర్తం. యూరపులోనూ ఇలాంటి నమ్మకమే ఉందట. మే 11, 12, 13 తేదీలు ముగ్గురు సాధువుల పేరన వస్తాయి. వాళ్లని "మంచు సాధువులు" అంటారు. వాళ్లు గడిచి వెళ్లేదాకా లేతమొక్క బయట పెట్టరాదు. మన ముసలివాళ్లు కార్తెలు లెక్కపెట్టినట్టే. నాకు ఆయన మాట మీద గురి కుదిరింది. గోంగూర కిటికీలోనే ఉంచాను. అల్లుడు మాత్రం మనసాగక దుకాణంలో కొన్న టొమాటో మొక్కలు నాలుగు పాతాడు.

సరిగా వారం తిరిగింది. మే 8 శుక్రవారం సాయంత్రం అందరి ఫోన్లలోనూ హెచ్చరికలు. ఉత్తరధ్రువం నుంచి చలిగాలి దిగుతోందన్నారు. ఆ శనివారం, మే 9న, న్యూయార్కు సెంట్రల్ పార్కులో మంచు రేకులు రాలాయి. అంత ఆలస్యంగా అక్కడ మంచు పడటం 1977 తరవాత అదే మొదలు. మర్నాడే తల్లుల పండగ!

శుక్రవారం సాయంత్రమే పాత దుప్పట్లు, మా ఆవిడ నూలు చీర ఒకటి, నా పంచె ఒకటి పెరట్లోకి వచ్చాయి. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, బటానీ పాదుల జోలికి పోనక్కర్లేదని చెప్పాడాయన. అవి చలికి పుట్టినవి, కాస్త మంచుని లెక్కచెయ్యవు. టొమాటోలకి నాలుగు పుల్లలు పాతి, వాటి మీదుగా గుడ్డ కప్పి, చుట్టూ నేలకి తగిలేలా వదిలి, అంచుల మీద ఇటుకలు పెట్టాం. మొక్క మెడకి ముడి వేస్తే ఏం లాభం? కప్పవలసింది మొక్కని మాత్రమే కాదు, నేలలోంచి వచ్చే వేడిని పట్టి ఉంచాలి. తడినేల ఎక్కువ వేడి దాచుకుంటుంది కనక మధ్యాహ్నమే మడికి నీళ్లు పెట్టాం. గుడ్డ చాలక నాలుగో మొక్కకి అల్లుడు ప్లాస్టిక్ సంచీ తొడిగాడు.

పక్కింటాయన తన అంజూరం చెట్టుకి చేస్తున్న సేవ చూస్తే ముచ్చట వేసింది. తండ్రి నాటిన చెట్టట. ప్రతి చలికాలమూ దానికి గోనెలు చుట్టి, తల మీద బకెట్టు బోర్లించి కాపాడుతున్నాడు. గోనెలు విప్పి నెలరోజులైనా కాలేదు, లేతాకులు విచ్చుతున్నాయి. ఆయనొక్కడూ నిచ్చెన ఎక్కలేడు. నేను ఇటునుంచి వెళ్లి నిచ్చెన పట్టుకోకుండా, ఆ రోజుల నియమం ప్రకారం దూరంగా నిలబడి, కర్రతో దుప్పటి కొస మాత్రం అందించాను. ఆ రాత్రి గాలి హోరుకి అందరి దుప్పట్లూ ఎగిరిపోతాయేమోనని రెండుసార్లు లేచి చూశాం. ఇటుకలు కాపాడాయి.

తెల్లవారి ఎండ ఎక్కాక గుడ్డలు తీశాం. మూడు టొమాటోలు నవ్వుతున్నాయి. ప్లాస్టిక్ తొడిగినదానికి ఆ సంచీ తగిలిన చోటల్లా ఆకు నల్లబడింది. నాలుగు రోజుల తరవాత, గాలి లేని నిర్మలమైన రాత్రి ఇంకొకటి వచ్చింది. మంచు సాధువుల్లో ఆఖరివాడి వంతు కాబోలు. మళ్లీ అదే తతంగం. గోంగూరని నేలలోకి దింపింది మే 23న. అప్పటికి నేలలో చెయ్యి పెడితే చల్లగా తగలడం మానింది. అక్కడ చూడవలసింది ఎండని కాదు, మట్టిని.

చలి గండం గడిచింది కదా అని ఊపిరి పీల్చుకున్నాం. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు మడిలో ఇరవైఆరు గోంగూర మొక్కలు జానెడు ఎత్తు లేచాయి. జూన్ మొదటివారంలో ఒకనాటి పొద్దున్న మా ఆవిడ కాఫీ గ్లాసుతో వెళ్లినది వెళ్లినట్టే తిరిగి వచ్చి, "ఏమండీ, ఒకసారి రండి" అంది. గొంతు అదోలా ఉంది. పదిహేను మొక్కలకి తలల్లేవు. చిక్కుడు తీగెలూ లేవు. పుదీనా, వెల్లుల్లి మాత్రం ముట్టలేదు. మా ఆవిడ ఏడవలేదుగాని, ఆ పూట వంటింట్లోకి వెళ్లలేదు.

దొంగ ఎవరో దంతాలు చెబుతాయి. జింకకి పైదవడ ముందు పళ్లు ఉండవు. అంచేత అది ఆకుని కొరకదు, పట్టి లాగి చింపుతుంది. తెగినచోట పీచుపీచుగా ఉంటుంది. కుందేలు కొరికితే కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటుంది. మా గోంగూర కాడలన్నీ పీచులే. మట్టిలో రెండుగా చీలిన గిట్టల గుర్తులు కూడా ఉన్నాయి.

ఈ తెల్లతోక జింకల కథ వింటే జాలీ కోపమూ రెండూ వస్తాయి. వేటా, అడవుల నరుకుడూ కలిసి 1900 నాటికి అమెరికా మొత్తం మీద ఇవి అయిదు లక్షలకి లోపే మిగిలాయి. తరవాత వేటకి కట్టుబాట్లు పెట్టారు, లేనిచోట్లకి తెచ్చి వదిలారు. ఈనాడు మూడు కోట్ల దాపున ఉంటాయని లెక్క. వాటిని తినే తోడేళ్లనీ, కొండపులులనీ మనిషి ముందే తుదముట్టించాడు. తరవాత అడవి అంచున ఇళ్లు కట్టి, ఇంటింటా తీపి మొక్కలు పెంచి, నీళ్లు పోసి, ఎరువు వేశాడు. జింకకి కావలసింది దట్టమైన అడవి కాదు, అడవి అంచే. ఇంతకన్నా మర్యాదగా పిలిచి విస్తరి వేయడం ఎవరికీ చేతకాదు. మన పల్లెల్లో కోతులూ, అడవిపందులూ చేల మీద పడుతున్న కథకీ దీనికీ పెద్ద తేడా కనబడలేదు నాకు.

మా మనవరాలు మాత్రం జింకల పక్షం. ఆ వారంలోనే పక్కింటి పొదకింద ఒళ్లంతా తెల్లచుక్కలున్న పిల్ల ఒకటి ముడుచుకుని పడుకుని ఉండగా చూసింది. తల్లి వదిలేసిందని కంగారుపడి, "తాతయ్యా, పాలు పోద్దాం" అంది. పక్కింటాయన వారించాడు. తల్లి వదిలెయ్యదట. పిల్లని కదలకుండా పడుకోబెట్టి, తాను దూరంగా మేసి, మధ్య మధ్య వచ్చి పాలిచ్చి పోతుందట. "అయితే మన గోంగూర తిని వాళ్లమ్మ పాలిస్తోంది" అంది పిల్ల. దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ ఆ చుక్కల పిల్లని కిటికీలోంచి చాలాసేపు చూసి, "దాన్ని ఏమీ అనకండి. మన మడి మనం కట్టుకుందాం" అంది.

ఎలా కట్టుకోవడం? తలొక సలహా. వాసన సబ్బులు వేలాడదియ్యమన్నారు. కుళ్లిన గుడ్ల మందు చల్లమన్నారు; అది పనిచేస్తుంది, వాన పడితే మళ్లీ చల్లాలి, పైగా తినే ఆకు మీద చల్లేది కాదు. దిష్టిబొమ్మ సంగతి చెబితే పక్కింటాయన నవ్వి, రెండో రోజుకి జింక దానికి ఒళ్లు రుద్దుకుంటుందన్నాడు. ఆ దేశంలో ప్రతి జిల్లాకీ రైతులకీ తోటవాళ్లకీ సలహా చెప్పే ఆఫీసు ఉంటుంది. న్యూజెర్సీలో దాన్ని రట్గర్స్ విశ్వవిద్యాలయం నడుపుతుంది. అలాంటి ఆఫీసులు చెప్పే మాట ఒకటే: కంచె. జింక ఏడెనిమిది అడుగులు అవలీలగా దూకుతుంది కనక ఎనిమిదడుగుల కంచె. కాని అక్కడి ఊళ్లలో చాలాచోట్ల పెరటి కంచె ఆరడుగులు దాటాలంటే అనుమతి కావాలి. ఆ రోజుల్లో అనుమతి కోసం ఎవరి చుట్టూ తిరుగుతాం?

అల్లుడు చదివి చెప్పిన మాటల్లో ఒకటి నా చెవికి తగిలింది. జింక తాను ఎక్కడ దిగబోతోందో కనబడకపోతే దూకదట. ఇరుకు చోట్లోకి దూకడానికీ వెనకాడుతుందట. వెంటనే మా జిల్లాల వేరుశెనగ చేలు జ్ఞాపకం వచ్చాయి. అడవిపందులు రాకుండా రైతులు చేని చుట్టూ పాత చీరలు కట్టడం మీలో చాలామంది రైలు కిటికీలోంచి చూసే ఉంటారు. మడి చుట్టుకొలత అరవైనాలుగు అడుగులు. చీర పద్దెనిమిది అడుగులు. నాలుగు చీరలు చాలు, ఇంకా కొంగు మిగులుతుంది.

మా ఆవిడ పెట్టె తెరిచి, ఒక్కొక్కటే తీసి, పక్కన పెట్టి, మళ్లీ తీసి, చివరికి నాలుగు నేతచీరలు ఇచ్చింది. అందులో ఒకటి వాళ్లక్క పెట్టినది. ఆరడుగుల గుంజలు పాతి, తీగె వల లాగి, దానికి లోపలివైపు నేలకి రెండడుగుల ఎత్తునుంచి చీరలు బిగించాం. అడుగున రెండడుగులు చిన్నకన్నుల కోళ్లవల. అది కుందేళ్లకీ, గ్రౌండ్‌హాగ్‌కీ.

గ్రౌండ్‌హాగ్ అంటే మన పందికొక్కుని నాలుగింతలు చేసి, దానికి చలికోటు తొడిగినట్టుంటుంది. నిజానికి ఉడుత జాతిదే. పెన్సిల్వేనియాలో పంక్సుటానీ అనే ఊళ్లో ఏటా ఫిబ్రవరి 2న దీన్ని పూజ్యుడైన జ్యోతిష్కుణ్ణి తెచ్చినట్టు బయటికి తెస్తారు. తన నీడ కనబడితే ఇంకా ఆరువారాల చలి, కనబడకపోతే తొందరగా వసంతం. 2020లో నీడ కనబడలేదు. తొందరగా వసంతం అన్నాడు మహానుభావుడు. మే 9న మంచు పడింది! జోస్యం తప్పితే తప్పింది, తవ్వడం మాత్రం తప్పడు. కంచె కింద సొరంగం తీస్తాడు. అంచేత కోళ్లవలని అడుగున ఓ అడుగు మేర బయటివైపుకి వంచి మట్టిలో పూడ్చాలి. కంచె మొదట్లో తవ్వబోతే వల అడ్డం వస్తుంది. వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి లేదు. మా పెరట్లో రెండుచోట్ల గోకిన గుర్తులు కనిపించాయి. తరవాత మానుకుంది.

చీరల కంచె చూడటానికి వీధిలో వ్యాహ్యాళికి వెళ్లేవాళ్లు ఆగేవారు. ఎర్రటి అంచు, ఆకుపచ్చ చెంగు, గాలికి ఊగుతూ అదొక పందిరిలా ఉండేది. ఒకనాటి వెన్నెల రాత్రి తల్లి జింక వచ్చి, తల ఎత్తి, చెవులు నిక్కించి చాలాసేపు నిలబడింది. చీర ఊగింది. అది నేలమీద గిట్టతో రెండుసార్లు కొట్టి, తెల్లతోక పైకెత్తి, పిల్లతో సహా ఎదురింటి గులాబీల వైపు నడిచింది. ఎదురింటివాళ్లకి మేమేమీ చెప్పలేదు.

తలలు పోయిన పదిహేను మొక్కల్లో తొమ్మిది పక్కనుంచి చిగిర్చాయి. మిగిలిన పదకొండుతో కలిపి ఇరవై. తల తుంచిన గోంగూర ఎక్కువ కొమ్మలు వేస్తుందని మనకి తెలిసిందే. జింక ఆ పని మాకంటే ముందు చేసింది. అక్కడ జూన్‌లో పగలు పదిహేనుగంటలు. గోంగూర పొద్దు తగ్గితేగాని పూత పట్టదు కనక వేసవంతా ఆకే ఆకు. జులై రెండోవారంలో మొదటి కోత కోశాం. పచ్చడి రోజున మా ఆవిడ మారు అన్నం పెట్టుకుంది. ఫోన్లో అక్కగారికి ఆకు చూపించి, ఆవిడ చీర కూడా చూపించింది. "నా చీర దొడ్లో కట్టావుటే!" అని ఆవిడ నవ్వు తెనాలినుంచి వినబడింది.

ఒక జాగ్రత్త చెప్పడం మరిచిపోతానేమో. జింకలు తిరిగే గడ్డిలో నువ్వుగింజంత పురుగు ఒకటి ఉంటుంది, టిక్ అంటారు. అది కరిస్తే లైమ్ అనే జబ్బు రావచ్చు. కనెక్టికట్‌లో ఆ పేరుగల ఊళ్లో 1975 ప్రాంతంలో మొదట దాన్ని గుర్తించారు. తోటపని చేసి లోపలికి వచ్చాక కాళ్లూ, మోకాళ్ల వెనకా చూసుకోవాలి. మీ పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సెప్టెంబరులో వందే భారత్ విమానంలో చోటు దొరికి వచ్చేశాం. వచ్చేముందు అమ్మాయికి రెండు మాటలు చెప్పాను. రాత్రి వేడి యాభై డిగ్రీలకి దిగిందంటే కరివేపాకు కుండీ లోపలికి తేవాలి. గోంగూర గింజ కోసం ఆశపడవద్దు. అది పూసే వేళకి అక్టోబరు మంచు వచ్చి పడుతుంది, విత్తనం మళ్లీ టెక్సాస్ నుంచి రావలసిందే. పక్కింటాయన ఓ బుట్టెడు అంజూరాలు కంచె మీదుగా అందించాడు. మేము బీరకాయలిచ్చాం. అవి ఎలా వండాలో అడిగాడు. మా ఆవిడ చెప్పింది, అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది, ఆయన చివరికి ఆలివ్ నూనెలో వేయించుకున్నాడట.

ఆ చీరలు మూడు వేసవులు ఆగాయి. ఎండకి పిగిలి పీలికలయ్యాయని, ఇటు వచ్చేవాళ్లెవరితోనైనా ఇంకో నాలుగు పంపమని అమ్మాయి ఫోన్ చేసింది. సిల్కువి వద్దట, నూలువే కావాలట. మా ఆవిడ పెట్టె తెరిచి కూర్చుంది.